గుంటకు కేసు, గట్టుకు కాపలా

కొల్లేరులో మనిషిని పట్టేది వల కాదు, గీత. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున కాగితం మీద గీసిన గీత. దాన్నే అయిదో కాంటూరు అంటున్నరు. ఆ గీతకు అవతల నీ సొంత చెక్కలో గుంట తవ్వి, అనుమతి తీసుకొని చేపపిల్లలు వదిలితే నువ్వు రైతువు. గీతకు ఇవతల, అదే పట్టా, అదే మట్టి, అవే పిల్లలు అయితే నేరస్తుడివి. ఆ గీత నేల మీద కనబడదు. ఒక్క మడికే ఒక మూల లోపల ఉంటది, ఇంకో మూల బయట ఉంటది. కేసు రాసేటప్పుడు మాత్రం అది అంగుళం తేడా రాకుండా కనబడుతది.

మేము కొల్లేరుకు శత్రువులం కాదు. సరస్సు బతకాలె, పక్షి బతకాలె, వరద పోవాలె. ఆ మాటలో మాకు వెనకడుగు లేదు. కానీ సరస్సును కాపాడే పేరుతో ఎవరిని కొడుతున్నరు, సరస్సును చంపేటోళ్లను ఎవరు కాపాడుతున్నరు అన్నదే మా ప్రశ్న. అరెకరం గుంటకు కేసు, వందెకరాల గట్టుకు కాపలా. ఇదేం న్యాయం?

రెండు డెల్టాల నడుమనున్న సరస్సుతో మనకేం పని అని అడిగేవాళ్లుంటరు. కొల్లేరులో కలిసే తమ్మిలేరు పుట్టింది ఖమ్మం జిల్లా నేల మీద. అది ఒక సంగతి. అసలు సంగతి ఇంకొకటి. చెరువు శికంలో పట్టా ఉన్న రైతు మన ఊరూరా ఉన్నడు. నీళ్లు ఎక్కితే భూమి చెరువుది, నీళ్లు దిగితే భూమి రైతుది. మరి ఎక్కిన నీళ్లలో తిరిగే చేప ఎవరిది? ఈ కొట్లాట మనకు కొత్త కాదు. అక్కడి జిరాయితీ రైతు గోస మన శికం రైతుకు చెప్పకుండానే అర్థమైతది. కొల్లేరులో ఇది ఎట్ల తెగుతదో రేపు ప్రతి చెరువు మీదా దాని నీడ పడుతది.

హద్దుల లెక్క

ముందుగాల అంకెలు చూద్దాం. పదో కాంటూరు దాకా లెక్కేస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అయిదో కాంటూరు దాకా 308. మూడో కాంటూరు దాకా 135. సర్కారు 1995లో ముసాయిదా ఇచ్చి, 1999 అక్టోబరులో జీవో 120తో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను, అంటే ఎకరాల్లో 76 వేలకు పైగా జాగను, వన్యప్రాణి అభయారణ్యం అన్నది. 2002 ఆగస్టులో 90,100 హెక్టార్లు, అంటే పదో కాంటూరు దాకా ఉన్న మొత్తం, రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల అయింది. లోపలి గీత దాకా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని వెలుపల 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు. ఒక్క సరస్సు మీద రెండు చట్టాలు, మూడు గీతలు.

ఇప్పుడు అసలు ముడి. అభయారణ్యమన్న ఆ 76 వేల ఎకరాల్లో సుమారు 15 వేల ఎకరాలు జిరాయితీ. సర్కారు భూమి కాదు, ఆక్రమణ కాదు. తాతలు శిస్తు కట్టిన పట్టా భూమి. అది గాక బీదాబిక్కీకి సర్కారే చేతులారా రాసిచ్చిన డీ పట్టాలున్నయి. పట్టా ఇచ్చింది ఒక శాఖ, అందులో అడుగు పెడితే నేరమన్నది ఇంకో శాఖ. రెండింటి మీదా ఒకే రాజముద్ర. నడుమ నలిగింది రైతు.

ఆ భూమిలో వరి పండించుకో, సంప్రదాయ వ్యవసాయం చేసుకో అంటున్నరు. చెప్పేటోళ్లు ఒక్క కారు అక్కడ నాట్లేసి చూడాలె. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ ఒక్కసారి పొంగి వచ్చి పడేది ఆ గిన్నెలోనే. నీళ్లు బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడి, గుర్రపుడెక్క పట్టి, సముద్రం పోటు మీదున్నప్పుడు ఉల్టా ఎదురు తంతది. వానకారు పంట నీళ్లపాలు. దాళ్వాకు అదృష్టం ఉంటే నాలుగు గింజలు. నీళ్లు నిలిచే నేలలో నీళ్లలో బతికేదాన్ని పెంచుకోవడం దురాశ కాదు, తెలివి. కొల్లేటి లంకల జనం తరతరాలుగా చేసింది అదే. నీళ్లు దిగేటప్పుడు పల్లంలో మిగిలిన గుంటను కాపాడుకొని, కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల పట్టి తిన్నరు, అమ్ముకున్నరు.

గుంట వేరు, గట్టు వేరు

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. చేప వేరు, చేపల చెరువు వేరు. సరస్సును చంపింది చేప కాదు, గట్టు.

గుంట అంటే నేల మట్టానికి కిందికి తవ్వింది. వరద వస్తే దాని మీద నుంచి పారుతది. గట్టు అంటే నేలకు మీద కట్టింది. మనిషి ఎత్తు, ఇంకా ఎత్తు మట్టికట్ట కట్టి, లోపల నీళ్లు తోడి పెట్టి, బయట నీళ్లు రాకుండా ఆపేది. ఒక గట్టు ఒక ఊరి దారి ఆపుతది. వంద గట్లు ఏరు దారి ఆపుతయి. వెయ్యి గట్లు కడితే సరస్సు సరస్సుగా మిగలదు, నడుమ సందులున్న చెరువుల గుంపు అయితది. వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే. అభయారణ్యంలోకి వచ్చే నీటిని, బయటికి పోయే నీటిని అనుమతి లేకుండా ఆపినా, మళ్లించినా, పెంచినా నేరం. చట్టం కోపం పారకం ఆపేటోని మీద. మరి దెబ్బ ఎవరి మీద పడుతున్నది?

గట్టు లోపల జరిగేది కూడా వేరు. బొచ్చె, శీలావతి, మోసు కలిపి హెక్టారుకు అయిదు వేల నుంచి పదివేల పిల్లలు వదలాలని మిశ్రమ పెంపకం పాఠం చెబుతది. ఆ లెక్కన ఎకరానికి రెండు వేల నుంచి నాలుగు వేలు. నీళ్లలో ఉన్న నాచు, పురుగు తిని బతికేంత చేప అయితే నేల మోస్తది. కానీ వందల ఎకరాలు లీజుకు పట్టినాయన లీజు డబ్బు, వడ్డీ, లాభం మూడూ ఒక్క పంటలోనే లాగాలె. అందుకే లారీలకు లారీలు తవుడు, చెక్క, కోళ్ల పెంట, యూరియా, సూపర్, మందులు. పట్టుబడికి ముందు ఆ నీళ్లన్నీ ఎటు పోతయి? సరస్సులకే. ఆ సరస్సు నీళ్లే లంకల జనం వాడుకోవాలె. చుట్టూ నీళ్లే ఉండి తాగే నీళ్లు కొనుక్కునే రాత వాళ్లది.

గుంట చిన్నదైతే చాలు, అన్నీ మాఫీ అని కూడా మేము అనం. చిత్తడి నేలలో గుంటకు గోడ ఉండదు. వరద ఎక్కిన రోజు గుంటలో చేప సరస్సులో చేప అయితది. దేశంలో నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను అరెకరంలో పెంచినా ఆరొందల ఎకరాల్లో పెంచినా పాపం ఒక్కటే. అది బయటపడిందంటే మట్టగిడస, కొర్రమీను పిల్లలను మింగి కూచుంటది. మందు చల్లిన నీళ్లు గుంట నుంచి పోయినా మందు మందే. చిన్నోడు కూడా ఒక కట్టుబాటుకు నిలబడాలె. కానీ కట్టుబాటు ఏందో రాసివ్వకుండా, ఏది చేసినా నేరమేనంటే అది కట్టుబాటు కాదు, వేట.

ఎవరు తెచ్చిండ్రు ఈ చెరువులను?

కొల్లేరులో చేపల చెరువులు దొంగచాటుగా పుట్టలేదు. 1970ల నడిమిలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, సర్కారే మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. పేదల బాగు అన్నరు. చెరువు తవ్వించిండ్రు గాని పెట్టుబడి చేతిల పెట్టలేదు. పిల్ల కొనాలె, మేత కొనాలె, కాపలా పెట్టాలె. సంఘం దగ్గర ఏమున్నది? సంతకం ఉన్నది. ఆ సంతకం కోసం పైసలున్నోడు వచ్చిండు. సంఘం పేరు, పెత్తందారు చెరువు. సభ్యునికి ఏడాదికింత ముట్టజెప్పి, ఆయన చెరువు గట్టు మీద ఆయన్నే కూలికి పెట్టుకున్నరు. 1980లు, 90లు వచ్చేసరికి సరస్సు గర్భం దాకా గట్లు పోయినయి. ఆ గట్లు పోస్తుంటే చూసుకుంట కూచున్నది ఏ సర్కారు? అన్ని సర్కార్లూ.

2001లో హైకోర్టు చెప్పింది. 2006 ఏప్రిల్‌లో, కేంద్ర సాధికార కమిటీ చూసి పోయినంక, సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు రాజశేఖరరెడ్డి సర్కారు ఆపరేషన్ కొల్లేరు అన్నది. పదిహేడు వందలకు పైగా చెరువులు, నలభై వేల ఎకరాలకు పైగా జాగలో గట్లు కొట్టిండ్రు. కొట్టిన పొక్లెయినుకు జిరాయితీ ఏదో, ఆక్రమణ ఏదో తెల్వది. కొట్టించినోళ్లకు తెలుసు, అయినా విడదీయలేదు. లీజుదారు ఒక్క పంట పోగొట్టుకొని ఇంకో ఊరికి పోయిండు. సొంత చెక్క ఉన్నోనికి పోను ఇంకో ఊరు లేదు. చెరువు పోయింది, వరి రాదు, అమ్ముదామంటే కొనేటోడు లేడు.

ఆ తర్వాత ఏం జరిగింది? గట్లు మళ్లీ లేచినయి. ఒక్క రాత్రిలో లేవలేదు. ఒక గట్టు లేవాలంటే యంత్రం రావాలె, డీజిల్ రావాలె, నెలల తరబడి మట్టి పడాలె. లేచినంక చేపపిల్ల బండ్లు, మేత లారీలు, పట్టుబడికి ఐసు లారీలు రావాలె. అభయారణ్యం లోపలికి ఉన్న దారులు ఎన్ని? వాటి మీద చెక్‌పోస్టులు లేవా? లారీ కనబడని కండ్లకు అరెకరం గుంట ఎట్ల కనబడ్డది? 2025లో కూడా ఈ వ్యవహారం సుప్రీంకోర్టు ముందే నలుగుతున్నదంటే, 2006లో కొట్టింది గట్లనే గాని గట్ల వెనక ఉన్న బలాన్ని కాదని తేలిపోయింది.

మూడో కాంటూరు మాయ

చిన్న రైతు ఏడుపును ఒక గుంపు బాగ వాడుకున్నది. జిరాయితీ రైతు అన్యాయమైపోతున్నడు, కాబట్టి అభయారణ్యాన్ని అయిదో కాంటూరు నుంచి మూడుకు కుదించాలె అని పాట ఎత్తుకున్నరు. 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఆ తీర్మానం కూడా చేసింది. అధికార పక్షం, ప్రతిపక్షం అన్న భేదం లేకుండా, ఎన్నిక వచ్చినప్పుడల్లా ఆ హామీ మళ్లీ వస్తది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు వద్దన్నది. వద్దన్నందుకు కమిటీని తిట్టిండ్రు. దాని మాటల్లో జిరాయితీ రైతుకు పనికొచ్చేది ఏముందో చూసే ఓపిక ఎవరికీ లేదు.

మీరే లెక్క చూడండి. 308 నుంచి 135 తీసేస్తే 173 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో సుమారు 43 వేలు. అభయారణ్యంలో ఉన్న జిరాయితీ అంతా, మూడో కాంటూరు కిందిది కూడా కలిపి చూసినా, 15 వేలే. మరి మిగతా 28 వేల ఎకరాలు ఎవరి కోసం విడిపిస్తున్నరు? పదిహేను వేల ఎకరాల రైతు పేరు చెప్పి నలభై మూడు వేల ఎకరాలకు తాళం తీయడం, ఇది రైతు మీద ప్రేమేనా? అసలైన జిరాయితీ రైతుల్లో మూడో కాంటూరు కింద ఉన్నోళ్ల సంగతేంది? గీత కిందికి జరిగినా వాళ్లు లోపలే ఉంటరు. వాళ్ల గురించి ఆ తీర్మానం చేసినోళ్లు మాట్లాడరు. వాళ్లకు గట్టు లేదు కాబట్టి గొంతు లేదు.

పైగా ఆ నడిమి పట్టీయే వరదకు పరుపు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు లోకమంతా చూసింది. ఆ బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. చేరే చోట గట్లుంటే ఏటికి ఎటు పోవాలె? మూడో కాంటూరుకు కుదించి గట్లకు పత్రం ఇస్తే మునిగేది మొదలు లంకల పేదలే. అప్పుడు కూడా ఆ లీజుదారు అక్కడ ఉండడు.

చట్టంలో దారి ఉన్నది

అధికారులు ఒక మాట చెప్పి తప్పించుకుంటరు. అభయారణ్యం అన్నంక మా చేతిల ఏం లేదు, చట్టం అట్లున్నది అంటరు. చట్టం అట్ల లేదు. వన్యప్రాణి చట్టం 19వ సెక్షన్ నుంచి 25 దాకా చదవాలె. అభయారణ్యం హద్దుల్లో ఎవరికి ఏ హక్కు ఉన్నదో కలెక్టర్ విచారించాలె. 24వ సెక్షన్ కింద కలెక్టర్ ముందు మూడు దారులున్నయి. ఆ భూమిని హద్దు నుంచి మినహాయించవచ్చు. పరిహారం ఇచ్చి తీసుకోవచ్చు. లేదా, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ను సంప్రదించి, ఆ హక్కును కొనసాగనివ్వవచ్చు. వీలైనంత వరకు రెండేళ్లలో ఈ పని ముగించాలని కూడా తర్వాత సవరణలో రాసుకున్నరు. 1999 నుంచి పావు శతాబ్దం దాటింది. జిరాయితీ రైతుకు మినహాయింపు దక్కలేదు, పరిహారం అందలేదు, కొనసాగింపూ లేదు. దక్కింది నిషేధం ఒక్కటే.

ఒకనికి ఇస్తే అందరూ అడుగుతరు అనేది వాళ్ల రెండో సాకు. అడగనియ్యండి. అడిగినోడు పట్టా చూపెట్టాలె, సొంతంగ చేస్తున్నడని చూపెట్టాలె, గట్టు లేదని చూపెట్టాలె. ఈ మూడు జల్లెడలు పట్టండి, ఎవరు నిలుస్తరో చూడండి. జిరాయితీ అంతా పేదలదేనని మేము అనం. అందులో కూడా చేతులు మారింది ఉన్నది, బినామీ ఉన్నది, ఒక్కడే చుట్టుపక్కల చెక్కలన్నీ కలిపి గట్టు పోసింది ఉన్నది. అందుకే తేల్చమంటున్నం. తేల్చకుండా ఉంచితే లాభం ఎవరికి? చిన్నోని వెనక దాక్కునే పెద్దోనికి. ఆఫీసులో ఫైలు తెరిచి పెట్టుకొని మామూళ్లు లెక్కబెట్టుకునేటోనికి.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. అయిదో కాంటూరును ఊరూరా సర్వే నంబరు వారీగా నేల మీద చూపెట్టాలె. గ్రామసభలో జాబితా పెట్టాలె. ఏ నంబరు లోపల, ఏ నంబరు బయట, ఏది జిరాయితీ, ఏది డీ పట్టా, ఏది ఆక్రమణ అని గోడ మీద రాయాలె.

రెండు. జిరాయితీ ఇస్తానన్న రైతుకు 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇచ్చి తీసుకోవాలె. నయాపైసా ఇయ్యకుండా భూమిని పక్షికి రాసిస్తే అది పక్షికి కూడా మంచి పేరు తేదు.

మూడు. ఇవ్వనన్న చిన్న రైతుకు, 24వ సెక్షన్ కింద, షరతులతో గుంట హక్కు ఇవ్వాలె. కుటుంబానికి ఇంతేనని పరిమితి ఉండాలె. తవ్విన మట్టి గట్టు కావద్దు, గీత బయటికి పోవాలె. బొచ్చె, శీలావతి, మోసు, స్థానిక నల్లచేప తప్ప ఇంకోటి వదలొద్దు. కోళ్ల పెంట, మందు, యూరియా వద్దు. లీజుకు ఇచ్చిన రోజు హక్కు రద్దు. ఈ షరతులను సర్కారే సుప్రీంకోర్టు ముందు పెట్టి ఆమోదం తేవాలె. రైతును కోర్టుకు తరిమి తాను తప్పుకోవద్దు.

నాలుగు. గట్లు పెద్ద దగ్గర మొదలుపెట్టి కొట్టాలె. ముందు ఏటి నోళ్లకు అడ్డమున్నవి, తర్వాత సరస్సు గర్భంలో ఉన్నవి. కొట్టిన గట్టు మళ్లీ లేస్తే ఆ దారి మీద డ్యూటీ చేసిన అధికారి జవాబు చెప్పాలె.

అయిదు. మూడో కాంటూరు మాట ఇక ఆపాలె. ఉప్పుటేరు పూడిక తీసి, గుర్రపుడెక్క తీసి, నీళ్లకు దారి చేయాలె. వేట మీద బతికే లంకల మత్స్యకారునికి సరస్సులో చేప మళ్లీ రావాలంటే అదొక్కటే మార్గం. ఆయనకు గుంట లేదు, పట్టా లేదు, ఉన్నది వలే. సరస్సు పోతే ఆయనే అందరికన్నా ముందు పోతడు.

జిరాయితీ రైతుకూ ఒక మాట. నీ పట్టా చేతిల పట్టుకొని సభల్లో ఊపేటోడు నీ మనిషి కాదు. ఆయన అడిగేది నీ అరెకరం కాదు, నీ అరెకరం చాటున తన వందెకరాలు. ఆయన వెంట పోతే మళ్లొక పొక్లెయిన్ వచ్చిననాడు ముందు నీ గుంటే పోతది. నీ పక్కన నిలవాల్సినోడు పక్క లంకలో వల వేసుకునే మత్స్యకారుడు. నీకూ ఆయనకూ కావాల్సింది ఒక్కటే, పారే నీళ్లు. మీ ఇద్దరినీ కొట్లాడబెట్టి నడుమ గట్టు పోసుకున్నోడే మీ ఇద్దరికీ ఎదిరి.